చిమిండైంగ్‌కు ఏ లినక్స్?

లినక్స్ పేరుతో దొరికే ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొన్ని వందలున్నాయి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండేది కెర్నెల్. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలకూ ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పని చక్కబెట్టేది అదే. ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని మొదలుపెట్టారు. ఒట్టి కెర్నెల్‌తో ఉత్తరం ముక్క కూడా టైపు చేయలేం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు, మెనూలు చూపించే డెస్క్‌టాప్, బ్రౌజరు, ఆఫీసు ప్రోగ్రాములు, ఫాంట్లు, ఇన్‌స్టాలర్... ఇవన్నీ ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా పరీక్షించి, లోపం బయటపడినప్పుడల్లా సరిచేసి పంపే బాధ్యత ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. అలా తయారైన కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు, వాడుకలో డిస్ట్రో. స్లాక్‌వేర్, డెబియన్ 1993లో వచ్చాయి. డెబియన్‌ను ఆధారం చేసుకుని 2004లో ఉబుంటు, ఉబుంటును ఆధారం చేసుకుని 2006లో లినక్స్ మింట్ పుట్టాయి. రెడ్ హ్యాట్, దాని నీడన పెరిగిన ఫెడోరా మరో కుటుంబం.

కొత్తగా లినక్స్‌కు మారే మనిషి ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఏ డిస్ట్రో? అందులో ఏ వెర్షన్? వాదోపవాదాలన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. కంప్యూటర్ మూడేళ్ల తర్వాత కూడా సజావుగా నడుస్తుందా లేదా అన్నది మాత్రం చాలావరకు రెండో ప్రశ్నకు ఇచ్చిన జవాబు మీద ఆధారపడుతుంది.

మయన్మార్‌లోని యాంగోన్ (ఒకప్పటి రంగూన్) నగరంలో పడమట వైపు, నదిని ఆనుకుని ఉన్న చిమిండైంగ్ టౌన్‌షిప్ ఈ సంగతి తేల్చుకోవడానికి మంచి చోటు. బ్రిటిష్ కాలపు కాగితాల్లో కెమెండైన్‌గా కనిపించే పేట ఇది. శాన్‌ప్యా చేపల హోల్‌సేల్ మార్కెట్ ఇక్కడిదే. నగరం చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలు ఇక్కడ ఆగుతుంది. నగరమంతటికీ ఉన్న ఇబ్బందులే ఈ పేటవీ. కరెంటు వంతులవారీగా వస్తుంది, వంతు రాని గంటలే ఎక్కువ. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఇంటర్నెట్‌ను కొన్నాళ్లు రాత్రిళ్లు పూర్తిగా ఆపేశారు, ఆ మార్చిలో మొబైల్ డేటాను తెంచేశారు. ఆ తర్వాత కనెక్షన్ తిరిగొచ్చినా ఆంక్షలు పోలేదు. పైగా తెర మీద బర్మీస్ లిపి సరిగ్గా కనబడాలి. నగరంలోని తెలుగు కుటుంబాల ఇళ్లలోనైతే దాని పక్కనే తెలుగూ కనబడాలి. ఇన్ని పరీక్షలకు నిలిచిన వెర్షన్ శ్రీకాకుళంలోనూ ఖమ్మంలోనూ నిలుస్తుంది. హైదరాబాద్ ఫైబర్ కనెక్షన్ మీద బాగుందనిపించిన వెర్షన్ చిమిండైంగ్‌లో నిలుస్తుందన్న హామీ మాత్రం లేదు.

పెద్ద అంకె, చిన్న ఆయుష్షు

ఉబుంటు వెర్షన్ అంకెలో విడుదల తేదీ దాగి ఉంటుంది. 24.04 అంటే 2024 ఏప్రిల్. ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి చొప్పున వెర్షన్లు వస్తాయి. సరిసంఖ్య సంవత్సరాల్లో ఏప్రిల్‌లో వచ్చేవాటికి ఎల్‌టీఎస్ అన్న ముద్ర ఉంటుంది: దీర్ఘకాలం మద్దతు ఇస్తామన్న హామీ. వాటికి అయిదేళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి. ఉబుంటు ప్రో పథకంలో చేరితే పదేళ్లు. సొంత వాడకానికైతే అయిదు కంప్యూటర్ల వరకు అదీ ఉచితమే. నడుమ వచ్చే మిగతా వెర్షన్ల ఆయుష్షు తొమ్మిది నెలలు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 25.04కు 2026 జనవరితో మద్దతు ముగిసింది. అంతకు ఏడాది ముందు వచ్చిన 24.04కు 2029 దాకా ఉంది. పెద్ద అంకె కనుక మెరుగైనదేనని 25.04ను ఎంచుకున్నవారు ఏడాది తిరక్కుండానే మళ్లీ అప్‌గ్రేడ్ పనిలో పడాల్సి వచ్చింది. లినక్స్‌కు కొత్తగా వచ్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. డౌన్‌లోడ్ పేజీలు కూడా రెండిటినీ పక్కపక్కన చూపించి ఈ పొరపాటుకు తమ వంతు సాయం చేస్తుంటాయి.

డెబియన్ పద్ధతి వేరు. ఏ వేళనైనా అందులో మూడు శాఖలు నడుస్తుంటాయి: స్టేబుల్, టెస్టింగ్, అన్‌స్టేబుల్. కొత్త ప్రోగ్రాము మొదట అన్‌స్టేబుల్‌లో దిగుతుంది, కొన్నాళ్లు గొడవ చేయకుండా ఉంటే టెస్టింగ్‌కు చేరుతుంది. సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌లోకి కొత్తవాటిని రానీయకుండా ఆపి, మిగిలిన లోపాలు ఏరేసి, దాన్నే కొత్త స్టేబుల్‌గా ప్రకటిస్తారు. పేర్లన్నీ ‘టాయ్ స్టోరీ’ సినిమా పాత్రలవి. అన్‌స్టేబుల్ శాఖకు శాశ్వతంగా సిడ్ అని పేరు. ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే కుర్రాడి పేరది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 పేరు బుక్‌వార్మ్, 2025 ఆగస్టులో వచ్చిన 13 పేరు ట్రిక్సీ. ఒక్కో స్టేబుల్‌కు మూడేళ్లు పూర్తి మద్దతు, మరో రెండేళ్లు ఎల్‌టీఎస్ బృందం మద్దతు ఉంటుంది.

ఫెడోరా ఏడాదికి రెండు వెర్షన్లు తెస్తుంది, ఒక్కోదానికి సుమారు పదమూడు నెలల ఆయుష్షు. ఆర్చ్ లినక్స్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వంటివాటిలో అసలు వెర్షన్లే ఉండవు. ప్రోగ్రాములు తయారైనవి తయారైనట్టు వినియోగదారుడికి చేరుతుంటాయి. వీటిని రోలింగ్ డిస్ట్రోలంటారు. లినక్స్ మింట్ నడుమ వెర్షన్ల జోలికి పోదు, ఉబుంటు ఎల్‌టీఎస్‌ల మీదే కట్టుకుంటుంది. 2024లో వచ్చిన మింట్ 22కు పునాది 24.04. అందుకే దాని మద్దతూ 2029 దాకా సాగుతుంది.

కొత్తది ముందుగా చేతికి రావడంలో ఉన్న ప్రమాదం ఎంతటిదో 2024 మార్చి చివర్లో లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. జియా టాన్ అన్న మారుపేరుతో ఒకరు రెండేళ్లకు పైగా దానికి సాయం చేస్తూ, ఒంటరిగా దాన్ని మోస్తున్న నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొంగదారి అమర్చారు. బయటివాళ్లు సర్వర్లలోకి చొరబడటానికి పనికొచ్చే దారి అది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే డేటాబేస్ నిపుణుడు ఆండ్రెస్ ఫ్రాయిండ్, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నారు. మార్చి 29న విషయం బయటపెట్టారు. అప్పటికి ఆ వెర్షన్లు చేరినవి డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖలకు, ఫెడోరా ప్రయోగ శాఖలకు, టంబుల్‌వీడ్‌కు, అలాంటి మరికొన్నిటికి. డెబియన్ స్టేబుల్‌లో, ఉబుంటు ఎల్‌టీఎస్‌లో ఉన్నది అంతకు ముందటి పాత ఎక్స్‌జెడ్. పాతదని చిన్నచూపు చూసిన వెర్షన్లే ఆ రోజు గట్టెక్కాయి.

అయితే ప్రకటించిన ఆయుష్షు కూడా శిలాశాసనమేమీ కాదు. రెడ్ హ్యాట్ వాణిజ్య లినక్స్‌కు ఉచిత ప్రతిరూపంగా ఉన్న సెంటోస్ ఎనిమిదో వెర్షన్‌కు 2029 దాకా మద్దతు ఉంటుందని అందరూ అనుకున్నారు. 2020 డిసెంబరులో నిర్ణయం మారింది. 2021 డిసెంబరు 31తో అది ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్న సర్వర్లన్నీ కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ఖాళీని పూరించడానికి 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. కాబట్టి తేదీతోపాటు ఆ తేదీ వెనక ఎవరున్నారో కూడా చూడాలి. డెబియన్ వెనక కంపెనీ లేదు, వెయ్యి మంది దాకా స్వచ్ఛంద డెవలపర్లూ 1993 నుంచి తెగని నడకా ఉన్నాయి. ఉబుంటు వెనక కెనానికల్ కంపెనీ ఉంది. ఒకరిద్దరు ఉత్సాహవంతులు నడిపే డిస్ట్రో తెర మీద ఎంత అందంగా ఉన్నా, వాళ్లకు పెళ్లయినా ఉద్యోగం మారినా ఆగిపోవచ్చు.

పాత యంత్రానికి తగిన బరువు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని కంప్యూటర్లు ప్రపంచమంతటా కోట్లలో మిగిలాయి. లైసెన్సు లేని విండోస్ నకళ్ల మీద ఏళ్లుగా నెట్టుకొచ్చిన యాంగోన్ వంటి నగరంలో ఇది మరీ పెద్ద సమస్య. ఆ నకళ్లలో అప్‌డేట్లను తరచు ఆపేసే ఉంచుతారు. అలాంటి యంత్రానికి లినక్స్ వెర్షన్ ఎంచేముందు చూడాల్సినవి రెండు: ప్రాసెసర్ 32-బిట్‌దా 64-బిట్‌దా, మెమరీ ఎంత.

2008 తర్వాత కొన్న లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం 64-బిట్‌వే. వాటికి చింత లేదు. అంతకన్నా పాతవీ, తొలినాటి చిన్న నెట్‌బుక్‌లూ ఉంటే దారి సన్నమవుతుంది. ఉబుంటు 17.10 నుంచి 32-బిట్ డెస్క్‌టాప్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) ఇవ్వడం మానేసింది. డెబియన్ 12లో 32-బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 13లో లేదు. అలాంటి యంత్రానికి డెబియన్ 12 సరైన మజిలీ, దాని ఎల్‌టీఎస్ 2028 జూన్ దాకా ఉంటుంది. ఆ తర్వాత యంత్రాన్నే మార్చుకోవడం మేలు.

మెమరీ లెక్క డెస్క్‌టాప్‌ను బట్టి మారుతుంది. ఉబుంటు అసలు కూర్పులోని గ్నోమ్ డెస్క్‌టాప్‌కు 4 జీబీ ఉన్నా ఇరుకే, 8 ఉంటే హాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలిక డెస్క్‌టాప్‌లు 2 జీబీలోనూ సర్దుకుంటాయి. జుబుంటు, లుబుంటు పేర్లతో దొరికేవి ఇవే. నిజానికి ఈ రోజుల్లో మెమరీని తినేది డెస్క్‌టాప్ కన్నా బ్రౌజరు. పది ట్యాబులు తెరిచి డిస్ట్రో నెమ్మదిగా ఉందని తిట్టుకోవడం న్యాయం కాదు. పాత హార్డ్ డిస్కు తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయిస్తే, ఏ డిస్ట్రో మార్పూ ఇవ్వలేనంత వేగం వస్తుంది.

కొత్త లాప్‌టాప్‌ది వ్యతిరేక సమస్య. నిన్నగాక మొన్న వచ్చిన వైఫై చిప్‌ను రెండేళ్ల నాటి కెర్నెల్ గుర్తుపట్టకపోవచ్చు. ఇందుకోసమే ఉబుంటు తన ఎల్‌టీఎస్ వెర్షన్లకు మొదటి రెండేళ్లూ ఆరేసి నెలలకు కొత్త కెర్నెల్‌ను కలిపి 24.04.2, 24.04.3 అంటూ సవరించిన ఇమేజ్‌లు ఇస్తుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు చివరి అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది; పెద్ద అంకె మేలు చేసే చోటు ఇదొక్కటే. డెబియన్‌లో వైఫై నడిపించే ఫర్మ్‌వేర్ కోసం ఒకప్పుడు తిప్పలుపడాల్సి వచ్చేది. దాని మూలం బహిరంగం కాదన్న కారణంతో అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చేవారు కాదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ పట్టు సడలించాక డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. నెట్ లేకుండా వైఫై డ్రైవర్‌ను నెట్ నుంచి దింపుకోవాల్సిన పరిస్థితి అలా తప్పింది.

కరెంటు పోయినా, నెట్ లేకపోయినా

సిస్టమ్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే ఏమవుతుందన్నది అమెరికన్ సమీక్షల్లో అరుదుగా కనబడే ప్రశ్న. యాంగోన్‌లో అది రోజువారీ ప్రశ్న. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని ఆ తర్వాత చేస్తుంది కనుక, హఠాత్తుగా ఆగినా డిస్కు మొత్తం చెల్లాచెదురు కాదు. కానీ కెర్నెల్‌ను మార్చే వేళ ఆగితే యంత్రం మళ్లీ లేవకపోవచ్చు. స్టేబుల్, ఎల్‌టీఎస్ వెర్షన్లలో అలాంటి పెద్ద మార్పులు తక్కువ, భద్రతా సవరణలు చిన్నవి. రోలింగ్ డిస్ట్రోలో నెల రోజులు అప్‌డేట్ చేయకపోతే ఒకటి రెండు జీబీలు పేరుకుపోవడం మామూలే. అది దింపుకుని అమర్చుకునే సమయమంతా ప్రమాద సమయమే. చిమిండైంగ్‌లో ఆర్చ్ లినక్స్ వాడకూడదని రూలేమీ లేదు. బ్యాటరీ బాగున్న లాప్‌టాప్, సరసమైన నెట్, చేతినిండా ఓపిక ఉన్నవారికి అది చక్కటి బడి. ఇంటిల్లిపాదీ వాడే ఏకైక కంప్యూటర్‌లో మాత్రం దాన్ని పెట్టడం అవివేకం.

ఈ సమస్యకు ఫెడోరా సిల్వర్‌బ్లూ వంటి కొత్త రకం కూర్పుల్లో తెలివైన పరిష్కారం ఉంది. అందులో సిస్టమ్‌ను ముక్కలుగా మార్చరు. పాతది అలాగే ఉండగా పక్కన కొత్త ప్రతి పూర్తిగా తయారవుతుంది, రీస్టార్ట్ చేసినప్పుడు అందులోకి మారుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు. ఊహకు ఇది యాంగోన్ కోసమే చేసినట్టుంటుంది. కానీ డౌన్‌లోడ్‌లు పెద్దవి, ఏడాదికోసారి వెర్షన్ మార్చక తప్పదు. అంతకన్నా సులువైనది లినక్స్ మింట్‌తో వచ్చే టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు. దాంతో అప్‌డేట్‌కు ముందు సిస్టమ్ ప్రతిని తీసి పెట్టుకోవచ్చు, చెడితే అది వెనక్కి తీసుకెళ్తుంది. డిస్కులో కాస్త చోటు ఖర్చవుతుంది, అంతే.

నెట్ కొరత ఉన్నచోట ప్రోగ్రాములు ఏ రూపంలో వస్తున్నాయో చూడాలి. డెబియన్ సంప్రదాయ ప్యాకేజీలు చిన్నవి, ఉమ్మడి భాగాలను పంచుకుంటాయి. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ అనే పెట్టెలో కట్టి ఇస్తోంది. ఫ్లాట్‌ప్యాక్ అనేది మరో పెట్టె. రెండూ తమకు కావలసినవన్నీ వెంట తెచ్చుకుంటాయి కనుక చిన్న ప్రోగ్రాముకైనా తొలిసారి వందల ఎంబీలు దిగుతాయి. మింట్ స్నాప్‌ను పక్కన పెట్టి ఫైర్‌ఫాక్స్‌ను పాత పద్ధతిలోనే ఇస్తుంది. డేటా ప్యాక్ లెక్కపెట్టుకునే ఇంటికి ఈ ఒక్క తేడా చాలు, ఉబుంటును కాదని మింట్‌ను ఎంచుకోవడానికి.

డెబియన్‌కు మరో సౌలభ్యం ఉంది. డీవీడీ ఇమేజ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే నెట్ అసలే లేని గదిలో డెస్క్‌టాప్, ఆఫీసు, బ్రౌజరు సహా మొత్తం అమర్చుకోవచ్చు. ఒకరు దింపితే పదిమంది ప్రతులు తీసుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. ఓపెన్‌సోర్స్ లైసెన్సులు ఇచ్చే హక్కే అది. ఆ తర్వాతి అప్‌డేట్ల కోసం ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే పనిముట్టు ఉంది. కావలసిన ఫైళ్ల జాబితాను నెట్ లేని కంప్యూటర్‌లో తయారుచేసి, నెట్ ఉన్నచోట దింపించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

చేతులు మారి వచ్చిన ప్రతిని నమ్మేముందు సరిచూడటం తప్పనిసరి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే దొంగలు చొరబడి, 17.3 వెర్షన్ డౌన్‌లోడ్ లింకును తాము దొంగదారి అమర్చిన ప్రతివైపు మళ్లించారు. ప్రతి ఇమేజ్‌కూ డిస్ట్రోలు ఒక చెక్‌సమ్ ప్రకటిస్తాయి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ పొడవాటి సంఖ్య పూర్తిగా మారిపోతుంది. దాని మీద డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. రెండూ సరిపోలితేనే పెన్‌డ్రైవ్ పెట్టాలి.

రెండు లిపుల ఇల్లు

1931లో రంగూన్ జనాభా నాలుగు లక్షలు దాటితే అందులో సగానికి పైగా భారతీయులే. కోరంగి, విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్లు రేవులోనూ వడ్ల మిల్లుల్లోనూ చెమటోడ్చారు. 1930 నాటి భారతీయ వ్యతిరేక అల్లర్లు, 1942 యుద్ధకాలపు వలసలు, 1960ల జాతీయకరణలు దాటి మిగిలినవారి పిల్లలు ఇప్పుడు బర్మీస్‌లో చదువుకుంటారు. ఇంట్లో తెలుగు ఎంత మిగిలిందన్నది కుటుంబాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం రెండు లిపులూ ఒకే రకం పరీక్ష పెడతాయి.

యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. బర్మీస్ 1999లో చేరింది. ఒత్తులను సూచించే పద్ధతి 2008లో 5.1 వెర్షన్‌తో గానీ కుదురుకోలేదు. ఈలోగా జాగ్యీ అనే ఫాంట్ జనంలో పాతుకుపోయింది. అది యూనికోడ్ సంఖ్యలనే తీసుకుని తనకు తోచిన అక్షర రూపాలకు వాడుకుంది. జాగ్యీలో రాసింది యూనికోడ్ ఫాంట్‌లో చూస్తే, అందులో రాసింది ఇందులో చూస్తే చిందరవందరే. 2014లో టెలినార్, ఊరిడూ కంపెనీలు వచ్చి సిమ్ కార్డును 1,500 చాట్‌లకు అమ్మాక కోట్లమంది తొలిసారి ఫోన్ పట్టుకున్నారు. ఆ ఫోన్లలో ఉన్నది జాగ్యీ. చివరకు 2019 అక్టోబరు 1ని ముహూర్తంగా పెట్టుకుని దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది. లినక్స్ డిస్ట్రోలు ఇచ్చేది పడౌక్, నోటో వంటి యూనికోడ్ ఫాంట్లను. కనుక కొత్త పాఠానికి ఇబ్బంది లేదు. 2019కి ముందరి పాత ఫైళ్లను మాత్రం మార్పిడి ప్రోగ్రాముతో మార్చుకోవాలి. ఇది ఏ డిస్ట్రో తప్పూ కాదు. డిస్ట్రో మార్చినా తీరదు.

తెలుగు పాఠకులకు ఈ కథ పరాయిదేమీ కాదు. విజయవాడ, హైదరాబాద్ డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి రాజ్యమేలిన అను ఫాంట్లు కూడా యూనికోడ్ బయటివే. ఆ ఫైలును మామూలు కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. శుభలేఖలు, కరపత్రాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసే వ్యక్తి ముందున్నది డిస్ట్రో ప్రశ్నే కాదు. ఆ ప్రోగ్రాములు లినక్స్‌కు రాలేదు. పని పద్ధతి యూనికోడ్‌కు మారాకే ఆ వ్యక్తి లినక్స్ గురించి ఆలోచించాలి.

లినక్స్‌లో తెలుగు అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ది. లోహిత్, నోటో ఫాంట్లతోపాటు దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు భాండాగారాల్లో ఉన్నాయి. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి ఐబస్ అనే ప్రోగ్రాము ద్వారా దొరుకుతాయి. బర్మీస్ కీబోర్డు మామూలు సెట్టింగుల్లోనే ఉంటుంది. పాత వెర్షన్‌కు అతుక్కుపోకూడదనడానికి లిపి కూడా ఒక కారణం. సంక్లిష్ట లిపుల్లోని లోపాలు తీరిగ్గా బయటపడతాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర క్రమం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. ఆపిల్ కొద్ది రోజుల్లో సవరణ పంపింది. మద్దతు ఉన్న వెర్షన్ కనుకనే ఆ సవరణ ఫోన్లకు చేరింది.

తెలుగు కోసమే ప్రత్యేక ఆపరేటింగ్ సిస్టమ్ చేసే ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. స్వేచ్ఛ సంస్థ 2005లో అదే పేరుతో తెలుగు కూర్పును విడుదల చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ తెలుగుతోపాటు పలు భారతీయ భాషలకు చోటు దక్కింది. విద్యార్థులను పోగుచేసి మెనూలను అనువదింపజేయడం, ఊళ్లలో శిబిరాలు పెట్టడం స్వేచ్ఛ చేసిన అసలైన మేలు. సొంత డిస్ట్రోను ఏళ్లపాటు మోయడం చిన్న బృందానికి తలకు మించిన భారం. అనువాదాలను గ్నోమ్, కేడీఈ, లిబ్రెఆఫీస్ మూల ప్రాజెక్టులకు ఇస్తే అవి అన్ని డిస్ట్రోలకూ వాటంతటవే చేరతాయి. కేరళ బడుల కోసం అక్కడి కైట్ సంస్థ నడిపే కూర్పు కూడా ఉబుంటు ఎల్‌టీఎస్ మీదే ఆధారపడుతుంది. తెలుగు రాష్ట్రాలు నేర్చుకోదగ్గ పద్ధతి అది. యాంగోన్‌లో తెలుగు మెనూ కావలసినవారు ప్రత్యేక తెలుగు డిస్ట్రో కోసం వెతకనక్కర్లేదు. మింట్‌లోనో డెబియన్‌లోనో భాషను మార్చుకుంటే చాలు.

ఎవరికి ఏది

చదువుకునే పిల్లలున్న ఇంటికి, 4 జీబీ లేదా అంతకు మించి మెమరీ ఉంటే, లినక్స్ మింట్. విండోస్ అలవాటుపడిన చేతికి మెనూ కొత్తగా ఉండదు, టైమ్‌షిఫ్ట్ ఉంది, స్నాప్ లేదు. 2 జీబీ యంత్రానికి ఎక్స్‌ఎఫ్‌సీఈతో డెబియన్ స్టేబుల్. బిల్లులు కొట్టే దుకాణానికీ డెబియన్ స్టేబులే. అక్కడ ఏడాదంతా తెర ఒకేలా ఉండటమే గుణం. సంఘం కార్యాలయంలోనో బడిలోనో సర్వర్ పెడితే డెబియన్ లేదా ఉబుంటు ఎల్‌టీఎస్. రెడ్ హ్యాట్ పద్ధతి నేర్చుకుని సింగపూర్‌లో ఉద్యోగం చూసుకోవాలనుకునే కుర్రాడికి ఆల్మా లేదా రాకీ. కొత్త ప్రోగ్రామింగ్ పనిముట్లు వెంటవెంటనే కావలసినవారికి ఫెడోరా తగినది, నెట్ ఉన్నంతకాలం.

ఏది ఎంచుకున్నా ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడవచ్చు, డిస్కును ముట్టుకోనక్కర్లేదు. వైఫై, శబ్దం, ప్రింటర్, లాప్‌టాప్ మూసి తెరిచినప్పుడు మేలుకోవడం, ఒక బర్మీస్ వాక్యం, ఒక తెలుగు వాక్యం టైపు చేయడం... ఇవి పరీక్షించాలి. సొంత ఫైళ్ల ప్రతిని వేరే డిస్కులో పెట్టాకే ఇన్‌స్టాల్ చేయాలి.

తర్వాతి వెర్షన్‌కు మారే వేళ కూడా తొందర పనికిరాదు. ఉబుంటు కూడా ఒక ఎల్‌టీఎస్ నుంచి మరో ఎల్‌టీఎస్‌కు వెళ్లమని, కొత్తదాని తొలి సవరణ ఇమేజ్ వచ్చే దాకా, అంటే మామూలుగా జులై, ఆగస్టుల దాకా తనంతట తాను సూచించదు. డెబియన్‌లో 11 నుంచి నేరుగా 13కు దూకే దారి లేదు. 12 మీదుగానే పోవాలి. ఆ ప్రయాణానికి నిండా చార్జయిన బ్యాటరీ, ముందే దింపి పెట్టుకున్న ప్యాకేజీలు, కరెంటు వంతు మొదలైన తొలి గంట కావాలి.